పంపించడం తెలిసిన కోచ్

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రుల పక్కన కాసేపు కూర్చుంటే కెనీ మెక్‌ఫాడెన్ పేరు వినబడి తీరుతుంది. ఎన్‌బీఏ ఆటగాడు స్టీవెన్ ఆడమ్స్‌ను తయారుచేసింది ఆయనే అన్న మాట కూడా వెంటనే వస్తుంది. అది నిజమే. కానీ అంతటి మనిషిని ఆ ఒక్క మాటతో సరిపెట్టేస్తే నాకు మనసొప్పదు.

మెక్‌ఫాడెన్ 1982లో వెల్లింగ్టన్ సెయింట్స్ జట్టుకు ఆడటానికి అమెరికా నుంచి వచ్చాడు. అలా వచ్చే ఆటగాళ్ళు ఒకటి రెండు సీజన్లు ఆడి వెళ్ళిపోతుంటారు. ఆయన ఉండిపోయాడు. 1984, 85, 87, 88 సంవత్సరాల్లో సెయింట్స్ జాతీయ లీగ్ గెలిచింది. తర్వాత, రగ్బీయే ప్రాణంగా బతికే ఈ దేశంలో, పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడానికి అకాడమీ పెట్టాడు. 2022 జూలైలో, 61 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆయన చేసిన పని అదే.

ఆడమ్స్‌ది రోటొరువా. పదమూడేళ్ళకు తండ్రి పోయాడు. బడి మానేసి తిరుగుతున్న కుర్రాణ్ణి అన్న వెల్లింగ్టన్‌కు తీసుకొచ్చాడు. అంత పొడుగు కుర్రాడు చేతికి దొరికితే ఏ కోచ్‌కైనా ముందు మ్యాచ్‌లే కళ్ళముందు కదులుతాయి. మెక్‌ఫాడెన్ బడికి వెళ్తేనే ఆట అన్నాడు. తెల్లవారకముందే జిమ్‌లో సాధన, ఆ తర్వాత స్కాట్స్ కాలేజీలో (ఇక్కడ హైస్కూళ్ళకూ కాలేజీ అనే పేరు ఉంటుంది) క్లాసులు. బుట్ట కింద అడుగులు వేయడం, ఒంటిచేత్తో హుక్ షాట్, మళ్ళీ అవే అడుగులు. చూసేవాళ్ళకు విసుగొచ్చే పని. చలికాలం చీకట్లో, చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేని జిమ్‌లో, ఒక పిల్లవాడి కోసం ఏళ్ళ తరబడి లేచి రావడాన్నే నేను కోచింగ్ అంటాను. స్కోర్‌బోర్డు సంగతి ఆ తర్వాతే.

అంతకన్నా కష్టమైన పని ఆ శిష్యుణ్ణి ఇంకొకరి చేతిలో పెట్టడం. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం కోచ్ జేమీ డిక్సన్ ఒకప్పుడు న్యూజిలాండ్‌లో ఆడినవాడు, మెక్‌ఫాడెన్‌కు తెలిసినవాడు. ఆడమ్స్ ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఒక్క సీజన్ ఆడాక, 2013 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఓక్లహామా సిటీ థండర్ అతణ్ణి 12వ పిక్‌గా తీసుకుంది. మొదటి రౌండులోనే ఎంపికైన తొలి న్యూజిలాండర్ అతనే. వెళ్ళినవాడు గురువును మరిచిపోలేదు. సెలవుల్లో సొంత దేశానికి వచ్చి పిల్లలకు ఉచిత శిబిరాలు పెట్టేవాడు. వాటిలో మెక్‌ఫాడెన్ కూడా చేయి వేసేవాడు.

అన్ని గురుశిష్యుల జంటల కథా ఇంత సాఫీగా నడవదు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ దగ్గర ఎదిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన సైనా నెహ్వాల్ 2014లో హైదరాబాద్ వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది. ఆ రోజుల్లో మనవాళ్ళు ఎంత తేలిగ్గా తీర్పులు చెప్పారు! ఆమెకు కృతజ్ఞత లేదని కొందరు, గోపీచంద్ తన మరో శిష్యురాలు పి.వి. సింధునే పట్టించుకుంటున్నాడని ఇంకొందరు. సైనా వెళ్ళిపోవడం ఎంత బాధపెట్టిందో గోపీచంద్ తర్వాత దాచుకోకుండా చెప్పాడు. ఆ మాట ఆయన గౌరవాన్ని పెంచిందనే నేననుకుంటాను. 2017లో సైనా తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది. ఇద్దరిలో ఎవరు గెలిచారని లెక్క కట్టడం నాకు చిన్నతనంగా తోస్తుంది. వెళ్ళిన అమ్మాయికి ఆయన తలుపు మూసెయ్యలేదు, ఆ తలుపు మళ్ళీ తట్టడానికి ఆమె మొహమాటపడలేదు.

కోచ్ పేరును మనం పతకాలతో తూస్తాం. పతకం రాని పిల్లల సంగతి ఎవరడుగుతారు? మెక్‌ఫాడెన్ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎన్‌బీఏకు వెళ్ళనివాళ్ళే ఎక్కువ. వాళ్ళు ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉండే మామూలు మనుషులు. ఆయన పనికి అసలు సాక్షులు వాళ్ళే.

ఇక్కడికి కొత్తగా వచ్చిన మన తెలుగు కుటుంబాలు పిల్లల్ని ఏ కోచ్ దగ్గర చేర్చాలని అడుగుతుంటాయి. ఎన్ని కప్పులు గెలిచాడో తర్వాత చూద్దురుగాని, ముందు ఒక శనివారం పొద్దున జిమ్‌కు వెళ్ళి చూడండి అంటాను. ఆట మానేసిన పాత పిల్లలు ఆయన్ను పలకరించడానికి వస్తున్నారా? వేరే కోచ్ దగ్గరికి వెళ్ళిపోయిన పిల్లాడి గురించి అడిగితే ఆయన ఎలా మాట్లాడుతున్నాడు?