జంటను పట్టుకున్న చూపు

మా జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారులో ఎండుమిరపకాయలు కొనేటప్పుడు ఒక కాయను విరిచి లోపల బూజు ఉందేమో చూడడం అమ్మ నుంచి నాకొచ్చిన అలవాటు. బూజు కంటికి దొరుకుతుంది. అది కాయలో వదిలిపోయిన విషం దొరకదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఒక యువ పరిశోధకురాలు ఆ దొరకని దాని వెంటే పడ్డారు. మిరపకాయల్లో ఆ బూజు విషాన్ని, అంటే ఆక్రాటాక్సిన్‌ను పట్టే ఎలైజా పరీక్ష గురించి ఆమె బృందం రాసిన పత్రం 2000లో అచ్చయింది. ఆమే కన్నెగంటి తిరుమలాదేవి.

కొత్తగూడెంలో పుట్టి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన ఆమె 2007 నుంచి అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనాసుపత్రిలో రోగనిరోధక శాస్త్రవేత్త. లోకంలో ఎక్కువగా సైటేషన్లు (ఇతరుల పత్రాల్లో ప్రస్తావనలు) అందుకునే పరిశోధకులంటూ క్లారివేట్ సంస్థ ఏటా వేసే జాబితాలో 2017 నుంచి ఆమె పేరు కనిపిస్తోంది. బొగ్గు ఊరి అమ్మాయి ఇంత ఎదిగిందంటే ఉక్కు ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లకు అది ఇంటి కబురే.

అయితే నన్ను కట్టిపడేసింది ఆ జాబితా కాదు, పనితనం. ఇక్రిశాట్ తర్వాత ఒహాయోలో, బంగాళాదుంప తోటలను మాడ్చేసే ఫైటోఫ్తోరా మీద ఆమె పనిచేశారు. ఆ శిలీంధ్రంలాంటి జీవి విడుదల చేసే రెండు ప్రోటీన్లు కలిసినప్పుడు ఆకులో కణాలు మరింత ఉధృతంగా చస్తాయని చూపిన పత్రం 2006లో వచ్చింది. రెండూ కలిస్తేనే అంత చావు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

అదే 2006 మార్చిలో 'నేచర్' పత్రికలో ఆమె మరో పత్రం వెలువడింది, మిషిగన్‌లో గాబ్రియెల్ నూనెజ్ ప్రయోగశాల నుంచి. 233 నుంచి 236 దాకా, నాలుగే పేజీలు. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ తగిలితే కణంలోని క్రయోపైరిన్ అనే ప్రోటీన్ (ఇప్పుడు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అంటున్నారు) మేలుకుని వాపు మంటను రాజేస్తుందని అందులో చూపారు. దానికి ముందు పేజీల్లో ఒకటి, వెనక పేజీల్లో ఒకటి, వేరే బృందాల పత్రాలు అదే ప్రోటీన్ మీద ఉన్నాయి. ఒకరు ఏటీపీతో, మరొకరు గౌట్ తెచ్చే యూరిక్ ఆమ్లపు స్ఫటికాలతో దాన్ని లేపారు. ఇంత వేర్వేరు ఆపదలకు ఒకే కాపలాదారు! ఆ రంగంలో ఎవరు ఏది రాసినా ఈ మూడింటినీ తలవక తప్పని పరిస్థితి వచ్చింది. సైటేషన్ అంటే నాకు అర్థమైంది ఇదే: మొహమాటం కోసం ఇచ్చేది కాదు, ఆ మెట్టు ఎక్కకుండా పైకి పోలేక ఇచ్చేది.

ఇక 2021 జనవరిలో 'సెల్' పత్రికలో వచ్చిన పత్రం. కోవిడ్ ముదిరిన రోగుల రక్తంలో సైటోకైన్లు (రోగనిరోధక కణాలు పంపుకునే సంకేత ప్రోటీన్లు) తుఫానులా రేగుతాయని అప్పటికే అందరికీ తెలుసు. వాటిలో ప్రాణం తీసేది ఏది? ఆమె బృందం ఎనిమిదింటిని తీసుకుంది. ఎలుక ఎముక మజ్జ నుంచి పెంచిన మాక్రోఫేజ్ కణాల మీద ఒక్కొక్కటే వేస్తే పెద్దగా ఏమీ జరగలేదు. అన్నీ కలిపి వేస్తే కణాలు చచ్చాయి. అప్పుడు రెండేసి చొప్పున కలిపారు. ఎనిమిదింటిలో జంటలు ఇరవై ఎనిమిది అవుతాయి. ఆకులో మాదిరే ఇక్కడా అంతటి చావు తెచ్చింది ఒక్క జంటే: టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా. నాకు అన్నిటికంటే నచ్చినవి ఇక్కడి 'ఏమీ జరగలేదు' అనే ఫలితాలు. వాటి వరస అంత ఓపిగ్గా పేర్చకపోతే ఆ జంట మీద నమ్మకం కుదిరేది కాదు.

కణం చచ్చే దారుల్ని కూడా అలాగే పరీక్షించారు. పైరాప్టోసిస్ దారి ఒక్కటే మూస్తే కణం బతకలేదు. నెక్రాప్టోసిస్‌ది మూసినా అంతే. రిప్‌కే3, కాస్పేజ్-8 జన్యువులు రెండూ లేని కణాలు మాత్రం నిలబడ్డాయి. మూడు రకాల చావుల్నీ కలిపి చూడాలని ఆమె 2019లోనే పెట్టిన పేరు పానాప్టోసిస్. అందులో 'పాన్' అంటే పైరాప్టోసిస్, అపాప్టోసిస్, నెక్రాప్టోసిస్‌ల మొదటి అక్షరాలు. పేరు పెట్టడం ఎవరికైనా చేతనవుతుంది, దాని కింద ఇన్ని ప్రయోగాలు పేర్చడమే కష్టం.

చివరికి కోవిడ్ వైరస్ సోకిన ఎలుకలకు ఆ రెండు సైటోకైన్లనూ పట్టి ఆపే యాంటీబాడీలు ఇచ్చారు. చావులు తగ్గాయి. పటాన్‌చెరులో మిరపకాయల్లోని విషాన్ని పట్టిందీ యాంటీబాడీలే.