ఒక్క నీరు, ఒక్క కంచం

వేమన పద్యం చెవికి ఎంత అలవాటైపోయిందంటే, దాని కట్టుబడి మీద మన చూపు నిలవదు. నాలుగో పాదం మకుటానికి పోతే, చెప్పదలచుకున్నదంతా మూడు పాదాల్లో ఇమడాలి. కన్నడ కవి సర్వజ్ఞుడికీ అదే ఇరుకు. అతనిది త్రిపది: మూడే పాదాలు, చివర తన పేరే ముద్ర. ఆటవెలది మనకు దేశి ఛందస్సయితే, త్రిపది కన్నడ ఆడవాళ్ల విసురురాతి పాట. బాదామిలో కప్పె అరభట్టుడి శాసనం నాటికే, అంటే సుమారు 700 నాటికే, అది ఉంది. ఇద్దరూ పండితుల వృత్తాలను పక్కనబెట్టి, పనిచేసుకునేవాళ్ల నోట నిలిచే కొలతను పట్టుకున్నారు. తేడా గొంతులో ఉంది. వేమన ఎవరినో పక్కన కూర్చోబెట్టుకుని వినమంటాడు. సర్వజ్ఞుడు తీర్పు చెప్పి సంతకం పెట్టి లేచిపోతాడు.

కులం దగ్గరికొచ్చేసరికి ఈ తేడా పెద్దదవుతుంది. సర్వజ్ఞుడు నేలనూ నీటినీ చితినిప్పునూ సాక్ష్యానికి పిలుస్తాడు. అవేవీ పట్టించుకోని కులగోత్రాలు మధ్యలో మీకెందుకని నిలదీస్తాడు. వేమనకు సాక్ష్యాలతో పనిలేదు. ముందు లోకంలో అందరిచేతా ఒకే కంచంలో తినిపించాలంటాడు. నచ్చజెప్పడం ఆ తరవాతి సంగతి. నా మటుకు వేమనకే లోకం పోకడ ఎక్కువ తెలుసనిపిస్తుంది. సర్వజ్ఞుడు చెప్పిన ఆ ఒక్క నీరు ఏ ఊళ్లో ఒకటిగా ఉంది? బావులు వేరు, టీకొట్టులో గ్లాసులు వేరు. అలాగని సర్వజ్ఞుణ్ణి అమాయకుడనలేం. ఆ బావులు అతనికి తెలియవా? లేని ఒకటితనాన్ని ఉన్నట్టే మాట్లాడి, కాదనే బరువును ఎదుటివాడి మీద పడేయడం అతని ఎత్తు. తక్కువవాళ్లన్న ఇంట్లో వెలిగిన దీపానికి వెలుగు తగ్గుతుందా అని అడిగినప్పుడూ అదే చేశాడు. తగ్గుతుందని పైకి అనగలిగే మొనగాడెవడు?

ఆ నీటి పరీక్షలో బెంగళూరు ఒకసారి ఘోరంగా తప్పింది. 1991 డిసెంబరులో, తమిళనాడుకు నీళ్లు వదలాలన్న కావేరి ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు గెజిట్‌కెక్కాక, ఇక్కడి తమిళుల ఇళ్ల మీదా దుకాణాల మీదా దాడులు జరిగాయి. హలసూరు చెరువు దగ్గర అదే ఏడాది ఆవిష్కరించాల్సిన తిరువళ్లువర్ విగ్రహం కూడా కన్నడ సంఘాల అభ్యంతరాలతో ఆగిపోయి, 18 ఏళ్లు ముసుగులోనే ఉండిపోయింది. పుట్టుకతో మనుషులంతా సమానమేనన్న తమిళ కవి అతను. చివరికి 2009 ఆగస్టు 9న అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వచ్చి ముసుగు తీశారు. 13న చెన్నై అయనావరంలో అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి యడియూరప్ప సర్వజ్ఞుడి విగ్రహాన్ని ఆవిష్కరించారు. యుద్ధఖైదీల మార్పిడిలా జరిగింది గానీ, జరిగింది. వేమన ఆ బేరంలో లేడు. మనం అడగనూ లేదు.

బతికి బయటపడ్డ తీరులో మాత్రం ఇద్దరూ తోబుట్టువులే. పండితులు కవిగా లెక్కలో వేసుకోని వేమనను ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సి.పి. బ్రౌన్ వెతికి పట్టుకుని, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. సర్వజ్ఞుడి వచనాలను తాళపత్రాల నుంచీ జనం నోళ్ల నుంచీ పోగుచేసి 1924లో వెలువరించినవాడు ఉత్తంగి చన్నప్ప, క్రైస్తవ పాస్టరు. బ్రౌన్ బయటినుంచి వచ్చి తెలుగు నేర్చుకుంటూ వేమనను విన్నాడు. చన్నప్పకయితే అది పుట్టిన నేల భాష. అయినా ఇద్దరికీ మన పంక్తుల్లో చోటు కోసం పాకులాడే అవసరం లేదు. అందుకే కాబోలు, పంక్తిని వెక్కిరించిన గొంతు వాళ్లకు ముందుగా వినబడింది. వేమన మీద లోతైన విమర్శకు దారి వేసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కూడా, 1928లో వేమన మీద ఉపన్యాసాలిచ్చేనాటికి, మైసూరు మహారాజా కళాశాలలో కన్నడిగుల మధ్య తెలుగు చెబుతున్నారు.

వేమన, సర్వజ్ఞుడు ఇద్దరిలోనూ ఆడవాళ్లను చులకన చేసే పద్యాలున్నాయి. అవి ప్రక్షిప్తాలని తోసేయడం అభిమానులకు అలవాటు. ఒకటో రెండో అయితే నమ్మొచ్చు. మనుషులంతా ఒకటేనన్న లెక్కలో సగం మనుషులు జారిపోయారని ఒప్పుకుని చదవడమే మేలు.

కులాన్ని కడిగేసినవాళ్లకు కులం ఏం చేసిందో చూడాలంటే బెంగళూరే సరైన చోటు. కోరమంగలలో వేమన పేరున్న ఇంజనీరింగ్ కాలేజీ రెడ్డి జనసంఘానిది. తెలుగువాళ్లకు వింతగా ఉంటుంది గానీ, కర్ణాటక రెడ్లకు వేమన పరాయి కవి కాడు. వాళ్లు భక్తితో కొలిచే హేమరెడ్డి మల్లమ్మకు మరిదని నమ్మకం. సర్వజ్ఞుడి తండ్రి శైవ బ్రాహ్మణుడనీ తల్లి కుమ్మరి ఇంటి ఆడబిడ్డ అనీ కథ. కులాలు కలిసిన ఆ కథలోంచి ఒక్క సగాన్నే తీసుకుని కుంబార, అంటే కుమ్మరి, సమాజం అతన్ని తమవాడంది. దీన్ని ఉత్త కపటమని కొట్టిపారేయలేను. చదువుకు దూరంగా ఉంచిన కుమ్మరి కుటుంబాలకు తమ ఇంటి పేరు చెప్పుకునేందుకు ఒక సర్వజ్ఞుడు కావాలి. భూమీ అధికారమూ చేతిలో ఉన్నవాళ్లకు వేమన ఎందుకు కావాలన్నది వేరే ప్రశ్న. ఊరికి తూర్పున సర్వజ్ఞనగర శాసనసభ నియోజకవర్గం ఉంది. తమిళం, ఉర్దూ, తెలుగు మాట్లాడేవాళ్లంతా ఆ పేరు మీద ఓటేస్తారు. ఆ వాడుకే అతనికి ఎక్కువ నప్పింది.

కర్ణాటక ప్రభుత్వం జనవరి 19న వేమన జయంతి, ఫిబ్రవరి 20న సర్వజ్ఞ జయంతి జరుపుతుంది. మొదటిదానికి రెడ్డి సంఘాల పెద్దలు ముందుంటే, రెండోదానికి కుంబార సంఘాల పెద్దలు. రెండు రాష్ట్రాలు విగ్రహాలు మార్చుకోగలిగినప్పుడు, ఈ రెండు సంఘాలు ఒక్క ఏడాది జయంతులు మార్చుకోవచ్చు. వేమనకు దండ కుమ్మరులు వేస్తే, సర్వజ్ఞుడికి రెడ్లు వేయాలి. భోజనాలు మాత్రం వేమన చెప్పినట్టే.