అట్లాంటిసు కాలువలు

ప్లేటో రచించిన క్రిటియాసు సంభాషణమున అట్లాంటిసు మైదానముచుట్టును 10,000 స్టేడియముల పొడవు, 1 స్టేడియము వెడల్పు, 100 అడుగుల లోతు గల కాలువ వర్ణింపఁబడినది. అది మనుష్యహస్తకృత మన్నచో నమ్మశక్యము గాదని కథ చెప్పువాఁడే యొప్పుకొనును. ఉపగ్రహచిత్రములలో దాని జాడ వెదకువా రీ మాటను దాటిపోవుదురు. పురవర్ణనమున పరిఖ పాతాళము నంటె ననఁగా గునపము గొని పోవు పండితుఁ డుండునా?

జిమ్ ఆలెను అట్టి చిత్రములనుబట్టి బొలీవియా పీఠభూమిని చూపెను. అది సముద్రమట్టమునకు సుమారు 3,700 మీటర్ల యెత్తున నున్నది. ప్లేటో ద్వీపమో, కడలిలో మునిఁగినది. చిత్రము గీఁత యున్నదని మాత్రమే తెలుపును. త్రవ్విన దెవరో, ఎన్నఁడో తెలియుటకు నేలను త్రవ్వి చూడవలయును. ఇఁక క్రిటియాసు గ్రంథమా, జ్యూసు దేవుఁడు పలుకఁబోవునంతలో వాక్యమధ్యముననే నిలిచిపోయినది.