బరువు కిందికి దూరే విద్య

శృంగవరపుకోట నుంచి ఇచ్ఛాపురం దాకా మా పల్లెల్లో పండగలకి సంగిడి రాయి ఎత్తే పోటీలు పాతకాలం నుంచీ ఉన్నాయి. వీరఘట్టం బిడ్డ, మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడిని కన్న నేల ఇది. కానీ ఆ రాళ్ళ దగ్గర ఆడపిల్లలది చూసేవాళ్ళ వరసే. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి ఇనుప కడ్డీ పట్టాక ఆ వరస చెదిరింది.

తండ్రి రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్. తొలి గురువు నీలంశెట్టి అప్పన్న. 1990లో అక్క కృష్ణకుమారికి తోడుగా జాతీయ శిబిరానికి వెళ్తే, మాస్కో ఒలింపిక్ విజేత లియొనిద్ తారనెంకో కళ్ళలో పడింది. 1994, 1995ల్లో వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత ఆమే.

ఈ ఆటంతా కండబలమే అనుకుంటారు. కాదు. ఇందులో ఎత్తులు రెండు. మొదటిదైన స్నాచ్‌లో కడ్డీ ఒక్క ఊపున తలపైకి చేరాలి. బొటనవేలిని మిగతా వేళ్ళ కింద ఇరికించి పట్టు బిగిస్తారు. కడ్డీ మోకాళ్ళు దాటేదాకా పని కాళ్ళది. అప్పుడు తుంటి ఒక్క విసురు విసురుతుంది. ఆ విసురుకి బరువు రెప్పపాటు తేలికవుతుంది, అంతే. తలదాకా లేవదు. ఆ రెప్పపాటులోనే మనిషి గొంతుక్కూర్చుని కడ్డీ కిందికి దూరిపోవాలి. రెండోదైన క్లీన్ అండ్ జర్క్‌లో ముందు భుజాల మీదికి, తర్వాత ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి వేస్తూ తలపైకి. పాదాలు వరసకొచ్చి, రిఫరీ సైగ చేసేదాకా దించకూడదు. వంద కిలోల కిందికి జంకకుండా దూరడం, ఏళ్ళ తరబడి చేసే సాధనంతా దానికే.

2000 సెప్టెంబరు 19, సిడ్నీ. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌కి ఒలింపిక్స్‌లో చోటు దొరికింది ఆ ఏడే. 69 కిలోల విభాగంలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. చివరి ప్రయత్నానికి 137.5 పెట్టించుకుంది. లేస్తే బంగారమే, ఎందుకంటే చైనా, హంగరీ లిఫ్టర్ల మొత్తాలు చెరో 242.5. లేవలేదు. కంచు దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచడం లెక్క తప్పడమే అన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ 240 కన్నా, లేవని ఆ 137.5 మీదే గౌరవం ఎక్కువ.

పెళ్ళయితే ఆడపిల్ల ఆట అయిపోయిందనే ఇళ్ళలో ఈ ఏళ్ళ వరస చెప్పాలి. తోటి లిఫ్టర్ రాజేశ్ త్యాగితో పెళ్ళి 1997లో. హర్యానాలోని యమునానగర్‌లో కాపురం. పతకం ఆ తర్వాతే. 2001లో కొడుకు పుట్టాడు. తండ్రి పోవడంతో 2002 కామన్వెల్త్ క్రీడలు వదులుకున్నా, 2004లో ఏథెన్స్ వేదిక ఎక్కింది.

తర్వాతి తరంలో, నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ నుంచి వెళ్ళిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తింది. మొదట కంచు, గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది.

శృంగవరపుకోటలో ఏ తల్లయినా కూతుర్ని ఈ ఆటలో చేర్చాలనుకుంటే, పిల్ల జబ్బలు చూడొద్దు. గొంతుక్కూర్చోమని చెప్పి, మడమలు నేలకి ఆనుతున్నాయా, వీపు వంగకుండా నిలుస్తోందా, అది చూడాలి.