ఆకుపచ్చ ఫోను

పోయిన ఆదివారం డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో, గ్రాండ్ కెనాల్ డాక్ పక్కన అయిదో అంతస్తు ఫ్లాట్‌లో ఒక వాదులాట జరిగింది. కారణం, సంతలో నలభై అయిదు యూరోలకు కొన్న పాత టెలిఫోను. మూడు వారాలుగా ఈ కాలమ్ ఆ ఫ్లాట్ నుంచే వస్తోంది. ఆ ఇంటి అమ్మాయి గుంటూరు పిల్ల, కాలమిస్టు పెదనాన్నగారి మనవరాలు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, ప్రాణం పాత ఫోన్లు. అందులోనూ వింత ఆకారమో వింత రంగో ఉంటేనే ఆమె చెయ్యి పర్సు మీదికి వెళుతుంది.

ఈసారి తెచ్చింది మామూలు నల్ల ఫోనే. బ్రిటిష్ పోస్టాఫీసు 1930ల చివరి నుంచి ఇళ్లకు, ఆఫీసులకు ఇచ్చిన బేకలైట్ ఫోను, 300 శ్రేణిది. ముందువైపు ఏటవాలు, పైన రిసీవరు, కింద చిన్న సొరుగు. అయితే ఎవరో మహానుభావుడు దాని ఒంటినిండా ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు పూశాడు.

గుమ్మాలకు రంగులేసే అలవాటు మీద ఈ కాలమ్ ఎన్నో వారాలు గొడవపడింది. టేకు తలుపు మీద పెయింటు, రాతి స్తంభం మీద పెయింటు, గుడి ధ్వజస్తంభం మీద సిల్వర్ పెయింటు. వీటిని చూస్తే కాలమిస్టుకు మనసు ఆగదు. ఆ పూట కూడా ఆగలేదు. "అసిటోన్ పెట్టి గీకించెయ్యమ్మా, ఇవాళే" అన్నాడు.

ఆ కోపానికి ఒక ఆధారం ఉంది. బేకలైట్ నలుపు పైపూత కాదు, ఆ పదార్థంలోనే కలిసిన రంగు. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ లియో బేకలాండ్ 1907లో ఫినాల్‌నూ ఫార్మాల్డిహైడ్‌నూ కలిపి, వేడితో ఒత్తిడితో గట్టిపరిచి దీన్ని సాధించాడు. పెళుసుదనం తగ్గడానికి అందులో రంపపు పొట్టు లాంటి చెక్కపిండి కలుపుతారు. ఆ రెజిన్ సహజంగానే గోధుమ వన్నె. వెలుతురుకు ఇంకా ముదురుతుంది. లేత రంగు కలిపితే నిలవదు. అందుకే ఫోన్లు నల్లగా పుట్టాయి. రంగు కావాలంటే పదార్థమే మార్చాలి. అదే 300 శ్రేణిలో దంతపు రంగు, ఎరుపు, పచ్చ ఫోన్లను యాక్రిలిక్‌తో పోతపోశారు. నల్లవాటితో పోలిస్తే అవి చాలా తక్కువ. ఇప్పుడు నల్లదానికి పెట్టే డబ్బుకు ఎన్నో రెట్లు పెడితేగాని ఎర్రదో పచ్చదో చేతికి రాదు.

అమ్మాయి అలమారలో అలాంటి పచ్చది ఒకటుంది, పచ్చరాయి కాంతితో. దాని పక్కన స్వీడన్ వాళ్ల ఎరికోఫోన్. 1950లలో ఎరిక్‌సన్ కంపెనీ తీసుకొచ్చిన ఈ ఫోనులో రిసీవరు వేరు, పెట్టె వేరు అనేది లేదు, అంతా ఒకే ముక్క. నిలబెడితే పడగెత్తిన పాములా ఉంటుంది. స్వీడన్‌లో దాన్ని కోబ్రా అనే పిలిచారు. డయల్ అడుగున ఉంటుంది. బల్ల మీద నిలబెడితే ఫోను పెట్టేసినట్టు. ఇంకో అరలో ఇంగ్లండ్ ట్రిమ్‌ఫోన్, 1960ల నాటిది. దీనికి గంట లేదు, పిట్టకూత లాంటి ఎలక్ట్రానిక్ కూత. మన గోరింక కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పిట్టలు ఆ కూత నేర్చుకుని ఇంటివాళ్లను పరుగులు పెట్టించేవని అక్కడ చెప్పుకునేవారు. చీకట్లో డయల్ వెలగడానికి అందులో ట్రిటియం వాయువు నింపిన సన్నటి గాజు గొట్టం పెట్టారు. రేడియోధార్మిక పదార్థాన్ని పడగ్గదిలో పెట్టారన్న విమర్శ తర్వాత గట్టిగానే వచ్చింది.

అన్నిటికీ కింద, నేలకు దగ్గరి అరలో, మన ఐటీఐ టెలిఫోను ఫ్యాక్టరీ వాళ్ల నల్ల ఫోను. 1948లో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఫోను లేని సర్కారు ఆఫీసు మనకు గుర్తుందా? కాలమిస్టు కూర్చున్నది దాని ముందే.

పెదనాన్నగారికి గుంటూరు పట్నంబజారులో మిర్చి కమీషన్ కొట్టు ఉండేది. గుమాస్తా బల్ల మీద అలాంటి ఫోనే. డయల్ రంధ్రంలో బఠాణీ గింజంత తాళం, తాళంచెవి పెదనాన్న మొలతాడుకి. బొంబాయి ధర కావాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి మధ్యాహ్నమంతా కూర్చోవాలి. అర్జెంట్ అంటే రెట్టింపు చార్జి, లైట్నింగ్ అంటే ఎనిమిది రెట్లు. ఆ మాట ఎవరైనా అంటే కొట్టులో అందరూ తలెత్తి చూసేవారు. లైను దొరికాక మాట సరిగ్గా అందకపోతే గుమాస్తా రిసీవరును అరచేతికేసి రెండుసార్లు కొట్టేవాడు. మైకులో బొగ్గు రేణువులుంటాయి, అవి గడ్డకడితే గొంతు మూగబోతుంది, కొడితే విడిపోతాయి. ఆ విద్య కాలమిస్టు ఎనిమిదేళ్లకే నేర్చాడు. ఇంకో విద్య కూడా. డయల్ తిప్పడమంటే లైనును అంకె ఎంతో అన్నిసార్లు తెంపి కలపడమే, సున్నాకు పదిసార్లు. తాళం వేసినా సరే, రిసీవరు పెట్టే మీటను అదే లెక్కన టకటకలాడిస్తే నంబరు కలుస్తుంది. పెదనాన్న భోజనానికి వెళ్లినప్పుడు గుమాస్తా తన చెల్లెలి ఊసు తెలుసుకున్నది అలాగే. ఆ రహస్యం కొట్టు మూతపడేదాకా బయటికి పొక్కలేదు.

దసరాకు ఆయుధపూజ నాడు కాటా, తూకం రాళ్లు, ఇనప్పెట్టె అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారు. ఫోనుకు కూడా. డయల్ పైన నల్లటి నుదుటి మీద పెట్టిన ఆ బొట్టు ఏడాదంతా ఎండిపోయి అలాగే ఉండేది. తుడిచే ధైర్యం ఎవరికీ లేదు.

అమ్మాయి ఇదంతా విని, "తాతయ్య ఫోను ఇప్పుడు దొరికితే ఆ బొట్టు గీకేస్తావా బాబాయ్?" అంది.

కాలమిస్టు దగ్గర జవాబు లేదు.

సాయంత్రం ఇద్దరూ లిఫీ నది గట్టున ఊళ్లోకి నడిచారు. డబ్లిన్ వీధుల్లో పాత పోస్టు డబ్బాలు ఇంకా నిలబడే ఉన్నాయి, విక్టోరియా రాణి పేరు, ఎడ్వర్డ్ రాజు పేరు అచ్చుపోసిన ఇనుప డబ్బాలు. 1922లో సొంత ప్రభుత్వం వచ్చాక ఐరిష్ వాళ్లు వాటిని పీకెయ్యలేదు, ఎర్రటి డబ్బాల మీద ఆకుపచ్చ పూశారు. వేలు పెట్టి తడిమితే పచ్చరంగు కింద రాణిగారి అక్షరాలు తగులుతాయి. ఆ పూత గీకి అసలు రంగు తెద్దామని ఇక్కడ ఎవరైనా అంటే ఊరుకుంటారా? వీధి ఫోను గదులదీ అదే దారి. బ్రిటన్ నమూనా గదులకే లేత మీగడ రంగు, ఆకుపచ్చ పూసి, పైన ఐరిష్ లిపిలో 'టెలిఫోన్' అని రాసుకున్నారు.

ఈ దేశానికీ మనకూ ఫోను విషయంలో చుట్టరికం ఉంది. అక్కడా ఇక్కడా శాఖ పేరు పోస్ట్స్ అండ్ టెలిగ్రాఫ్స్. వాళ్లు 1984లో విడదీశారు, మనం 1985లో. ఫోను కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం రెండుచోట్లా ఉండేది. వచ్చిన ఫోను కూడా సర్కారు సొత్తే, మనం అద్దెదారులం. అలాంటి వస్తువుకు సొంతంగా రంగు వెయ్యాలంటే తెగువ కావాలి.

ఇంటికొచ్చాక కాలమిస్టు ఆ ఫోనును దీపం కిందికి తీసుకెళ్లి చూశాడు. వేసినవాడు మొరటు మనిషి కాదు. డయల్ అంచున ఎక్కడా రంగు చెదరలేదు, అంకెల మీద చుక్క పడలేదు. సొరుగును బయటికి లాగి విడిగా వేసినట్టున్నాడు, అంచులు అంటుకోలేదు. అడుగున నలుపు నలుపుగానే ఉంది. ఎర్రదో పచ్చదో పెట్టించుకునే స్థోమత లేని ఇల్లేదో సన్నటి కుంచెతో తన రంగు తాను తెచ్చుకుంది. ఇన్నేళ్లుగా గుమ్మాల మీద రాసిన మాటల్లో కొన్నిటిని కాలమిస్టు వెనక్కి తీసుకోవాల్సి ఉంటుంది. ధ్వజస్తంభం సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోడు.

అసిటోన్ సీసా బాత్రూం అలమారలోకి వెళ్లిపోయింది. అమ్మాయి ఫోనును చిన్న పెట్టె ద్వారా ఇంటర్నెట్ లైనుకు కలిపింది. డయల్ తెంపి పంపే ఆ పాత లెక్కలు ఈ పెట్టెకు అర్థం కావు, కాబట్టి దాన్నుంచి చెయ్యలేం. వస్తే మాత్రం మోగుతుంది.

సోమవారం పొద్దున్నే మోగింది, రెండు ఇత్తడి గంటలతో, ఫ్లాటంతా. గుంటూరు నుంచి వదిన. కాలమిస్టు రిసీవరు తీసి, పాత అలవాటున అరచేతికేసి రెండుసార్లు కొట్టి, చెవిన పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా, బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది! ఏం ఫోను అది?"

"ఆకుపచ్చది వదినా" అన్నాడు.