నాంత్‌లో ఆకుపచ్చ గీత వెంట

పారిస్ నుంచి వేగరైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. నాంత్ స్టేషన్లో దిగి ఊళ్లోకి నడిస్తే కాసేపటికే కాలిబాట మీద ఆకుపచ్చ రంగు గీత ఒకటి కనబడుతుంది. వెడల్పు జానెడు కూడా ఉండదు. రోడ్లు దాటుతుంది, మెట్లెక్కుతుంది, సందుల్లో దూరుతుంది, వంతెన మీదుగా నది దాటి అవతలి దీవిలోకి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తుంది. గైడు లేడు, టికెట్టు లేదు, ఫలానా గంటకు గుంపు బయల్దేరుతుందన్న హడావుడి లేదు. ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు, ఎక్కడ ఆపినా అడిగేవారు లేరు.

నేల మీద గీత గీసి యాత్రికుణ్ణి నడిపించే పద్ధతి నాంత్ కనిపెట్టింది కాదు. అమెరికాలోని బోస్టన్‌లో 1951లోనే ఈ ఆలోచన పుట్టింది. అక్కడ ఎర్ర ఇటుకల, ఎర్ర రంగు గీత స్వాతంత్ర్య పోరాట స్థలాలు పదహారింటిని కలుపుతూ నాలుగు కిలోమీటర్లు సాగుతుంది. జర్మనీలోని హనోవర్‌లోనూ ఎర్ర గీతే, దాని వెంట ముప్పయ్యారు స్థలాలు. ఈ రెండూ క్రమం తప్పని పాఠాలు: ఒకటో నంబరు, రెండో నంబరు, పక్కన వివరం. నాంత్ వాళ్లు 2012లో గీత గీసినప్పుడు అంకెలు వదిలేశారు. పాత కోట ఎంత ముఖ్యమో, ఒక చెట్టు కిందో సందు మొగలోనో కొత్తగా పెట్టిన శిల్పం కూడా అంతే ముఖ్యం అన్నట్టుగా దారి వేశారు. ప్రతి వేసవిలో కొత్త కళాఖండాలు వస్తాయి, గీత కూడా వాటికి తగ్గట్టు అక్కడక్కడ పక్కకు జరుగుతుంది.

ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే చేతిలో మ్యాపు గానీ ఫోను గానీ అక్కర్లేదు. దారి గురించిన బెంగ కాళ్లకు అప్పగించేస్తే కళ్లు ఖాళీ అవుతాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. గీత ఎటు పోతే అటు చూడటం అలవాటైపోతుంది. గీసినవాళ్లు ఎవరు, ఎందుకు గీశారు అన్నది మరిచిపోతాం. నాంత్‌లో ఆఖరి ఓడల కార్ఖానా 1987లో మూతపడింది. రేవునే నమ్ముకున్న ఊరు బతుకుతెరువు మార్చుకోవాల్సి వచ్చి కళల వైపు, పర్యాటకుల వైపు తిరిగింది. ఆ నిర్ణయంలోంచి పుట్టిన గీత ఇది. ఊరు తన గురించి ఏం చెప్పుకోదలచిందో అది చెబుతుంది. అందుకని గీతను పట్టుకుని నడుస్తూనే అప్పుడప్పుడు దాన్ని వదిలి పక్క సందులోకి తిరగాలని నా సలహా. తప్పిపోతామన్న భయం లేదు, ఐదు నిమిషాల్లో మళ్లీ ఎక్కడో అక్కడ తగులుతుంది.

ముందుగా గోడలు చూడటం నేర్చుకోవాలి. పాత ఇళ్లకు అడుగున ముదురు గ్రానైటు, పైన తెల్లని మెత్తటి సున్నపురాయి. ఆ తెల్లరాయిని వాళ్లు టుఫో అంటారు. లువార్ నది ఎగువ నుంచి పడవల్లో వచ్చేది. చెక్కడానికి వెన్నలా ఉంటుంది కానీ తేమ తగిలితే పొట్టు పొట్టుగా రాలుతుంది. అందుకే నేల నుంచి కొంత ఎత్తు దాకా గ్రానైటు వేసి, నీరు పైకి పాకకుండా చూసి, శిల్పాల పని అంతా పైఅంతస్తులకు వదిలారు. బ్రిటనీ డ్యూకుల కోటలోనూ ఇదే సూత్రం: బయట కందకం వైపు మొరటు రాతి బురుజులు, లోపల పెద్ద ముంగిలిలో తెల్లరాతి భవనాలు. ఇద్దరు ఫ్రెంచి రాజులకు ఒకరి తర్వాత ఒకరికి రాణి అయిన ఆన్ 1477లో ఈ కోటలోనే పుట్టింది. ప్రొటెస్టెంట్లకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చిన శాసనాన్ని నాలుగో హెన్రీ 1598లో ఈ ఊళ్లోనే వెలువరించాడు. ముంగిలి, ప్రాకారం చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు. లోపలి మ్యూజియానికే టికెట్టు. దాని సంగతి తర్వాత.

రెండోది, కాలి కింద ఏముందో గమనించడం. కోట నుంచి బుఫే పేట మీదుగా పడమటికి వెళితే ఫెడో దీవి వస్తుంది. పేరుకే దీవి. చుట్టూ పచ్చగడ్డి, ట్రాము పట్టాలు, బెంచీల మీద కబుర్లాడుకునే జనం. చుక్క నీరు కనబడదు. లువార్ ఇక్కడ పాయలు పాయలుగా పారేది. ఎర్డ్ర్ ఉపనది ఊరి నడుమ వచ్చి కలిసేది. 1920ల నుంచి రెండు దశాబ్దాల పాటు ఆ పాయల్ని పూడ్చేశారు, ఎర్డ్ర్‌ను సొరంగంలోకి మళ్లించారు. ఎర్డ్ర్ పారిన చోటే నేడు యాభైమంది బందీల పేరున్న విశాలమైన రహదారి. 1941లో ఒక జర్మన్ అధికారి హత్యకు ప్రతీకారంగా నాజీలు కాల్చి చంపిన వాళ్ల జ్ఞాపకం అది. ఫెడో అంచున గడ్డిలో నిలబడితే మీరున్నది నది మధ్యలో అన్నమాట. ఎదురుగా ఉన్న మేడల గుమ్మాల దగ్గరికే ఒకప్పుడు పడవలొచ్చి ఆగేవి.

ఆ మేడల్ని కాస్త దూరం నుంచి చూడండి. కిటికీల వరుస సమంగా ఉండదు, కొన్ని ఇళ్లు పక్కకు ఒరిగి ఉంటాయి. ఇసుకలో చెక్క గుంజలు దిగ్గొట్టి వాటి మీద 18వ శతాబ్దంలో కట్టారు. బరువుకు ఒకవైపు దిగబడ్డాయి. ఇప్పుడు మరీ దగ్గరికి వెళ్లి తలెత్తితే కిటికీల మీద, బాల్కనీల కింద రాతి ముఖాలు కనిపిస్తాయి. సముద్రదేవుడు, బుగ్గలు పూరించి గాలి ఊదే దేవతలు, గడ్డాల నావికులు, మధ్యలో ఆఫ్రికా వాళ్ల ముఖాలు. ఇనుప బాల్కనీలు గర్భిణి పొట్టలా ముందుకు ఉబ్బి ఉంటాయి. ఇంత డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు ఆ ముఖాల్లోనే ఉంది.

18వ శతాబ్దపు ఫ్రాన్సులో బానిస వ్యాపారానికి నాంత్ మొదటి రేవు. ఫ్రెంచి బానిస ఓడల్లో నూటికి నలభైకి పైగా ఇక్కడి నుంచే బయల్దేరాయి. ఆ ఓడలు ఆఫ్రికా తీరం నుంచి అట్లాంటిక్ అవతలికి మోసుకుపోయిన మనుషులు నాలుగున్నర లక్షలకు తక్కువ కారు. ఓడ మొదట నాంత్ నుంచి సరుకుతో ఆఫ్రికాకు వెళ్లేది, అక్కడ ఆ సరుకిచ్చి మనుషుల్ని కొనేది, కరీబియన్ దీవుల్లో వాళ్లను అమ్మి చక్కెర, కాఫీ, నీలిమందు నింపుకుని తిరిగొచ్చేది. బడుల్లో ఈ త్రికోణం బొమ్మ గీసి చెబుతారు. ఆ బొమ్మలో మన తీరం ఉండదు. ఉండాలి.

ఎందుకంటే ఆఫ్రికాకు వెళ్లిన ఆ సరుకులో విలువను బట్టి సగానికి పైగా బట్టలే. వాటిలో పెద్ద వాటా భారతదేశపు నూలుబట్టలది: గుజరాత్ నుంచి, బెంగాల్ నుంచి, కోరమాండల్ తీరం నుంచి వచ్చినవి. గోల్కొండ సుల్తాను అనుమతితో ఫ్రెంచి కంపెనీ 1669లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. ఆ తీరాన నేత, చిరువేరుతో ఎరుపు ఎక్కించే అద్దకం, కలంతో వేసే పని ఎంత పేరు పడ్డాయో చెప్పనక్కర్లేదు. ఈ బట్టలకు ఫ్రాన్సులో వెర్రి గిరాకీ పుట్టేసరికి అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లు గోలపెట్టారు. 1686లో ప్రభుత్వం నిషేధం పెట్టింది. అది 1759 దాకా నడిచింది. అయితే నిషేధం ఫ్రాన్సులో కట్టుకునేవాళ్లకే, ఆఫ్రికాకు ఎగుమతి చేసేవాళ్లకు వర్తించదు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ తూర్పు నుంచి వచ్చిన సరుకును 1733 దాకా నాంత్‌లోనే వేలం వేసి, ఆ తర్వాత లోరియాన్ రేవుకు మార్చింది. నిషేధం ఎత్తేశాక నాంత్‌లోనే అద్దకం కార్ఖానాలు లేచాయి. భారతీయ అద్దకాన్ని అనుకరించి, ఆఫ్రికా కొనుగోలుదార్ల ఇష్టానికి తగ్గ రంగులు, పూలు వేశాయి. ఆ బట్టల్ని ఫ్రెంచివాళ్లు నేటికీ 'ఇండియన్లు' అనే పిలుస్తారు.

పెడన, మచిలీపట్నం ఇళ్లలో అద్దకం చూసి పెరిగిన వాళ్లు నాంత్ కోటలోని మ్యూజియంలో ఈ బట్టల ముందు ఆగక తప్పదు. తీగలు, పూలు, గళ్లు, అన్నీ తెలిసిన బంధువుల్లా ఉంటాయి. అదే మ్యూజియంలో 'మారీ సెరాఫిక్' అనే నాంత్ ఓడ నీటిరంగుల చిత్రం ఉంది, 1770 ప్రాంతానిది. ఓడను నిలువుగా కోసినట్టు గీశారు. ఒక అరలో పీపాలు, ఒక అరలో మనుషులు, పీపాల్లాగే వరుసలుగా. గీసిన చెయ్యి ఎక్కడా వణకలేదు. పని బాగా తెలిసినవాడు శ్రద్ధగా వేసిన లెక్కల బొమ్మ అది. బట్టను, ఈ బొమ్మను ఒకే రోజు చూడటం మంచిది. నేసినవాడికి తన బట్ట ఎక్కడికి పోతుందో తెలిసే వీలు లేదు. కొన్నవాడికి మాత్రం అంతా తెలుసు.

ఇవి చూశాకే నదీతీరాన 'కే ద లా ఫోస్' గట్టు మీదికి వెళ్లాలి. ఇక్కడ నీళ్లున్నాయి, గోధుమరంగులో బురదగా. సముద్రం యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఆటుపోట్లు ఇక్కడిదాకా తెలుస్తాయి. గట్టు పొడవునా నేలలో గాజు పలకలు పొదిగారు, మొత్తం రెండు వేలు. వాటిలో 1,710 పలకల మీద ఒక్కో ఓడ పేరు, అది బయల్దేరిన తేదీ. మిగతా 290 మీద ఆఫ్రికాలో, అమెరికా ఖండాల్లో, హిందూ మహాసముద్రంలో ఓడలు ఆగిన రేవుల పేర్లు. ఓడల పేర్లు చదివితే ఒళ్లు మండుతుంది, అన్నీ ముద్దు పేర్లూ దేవతల పేర్లూ. గట్టు కింద పొడవాటి మార్గం, పక్కనే నది చప్పుడు, లోపలి గాజు గోడ మీద బానిసత్వాన్ని ఎదిరించిన వాళ్ల మాటలు. కళాకారుడు వోడిచ్కో, వాస్తుశిల్పి బోండర్ దీన్ని రూపొందించారు. 2012లో తెరిచారు, ఆకుపచ్చ గీత పుట్టిన సంవత్సరమే. బానిస వ్యాపారం మాట ఊరు పైకి అనడానికి చాలా ఏళ్లు పట్టింది. 1992లో కోటలో జరిగిన ప్రదర్శనే మొదటి పెద్ద అడుగు. ఫ్రాన్సు బానిసత్వాన్ని ఆఖరిసారి రద్దు చేసింది 1848లో అని గుర్తుంచుకుంటే ఆ ఆలస్యం ఎంతో తెలుస్తుంది.

గట్టు వెనక కొండవాలున పాసాజ్ పొమ్‌రే ఉంది. పైకప్పంతా గాజు, దుకాణాల మధ్య బొమ్మలు నిలబెట్టిన చెక్కమెట్లు, పై వీధికీ కింది వీధికీ మధ్య ఉన్న ఎత్తును మూడు అంతస్తుల్లో సర్దారు. 1843లో తెరిచారు, కట్టించిన పొమ్‌రే దివాలా తీశాడు. అందంగా ఉంది, పది నిమిషాలు చాలు. దగ్గర్లో ఏ మిఠాయి దుకాణంలోనైనా నాంత్ కేకు అడగండి: బాదం పొడి, వెన్న, చక్కెర, కరీబియన్ రమ్ము. ఆ దీవులతో జరిపిన వ్యాపారం నుంచే దాని రుచి వచ్చింది.

గీత నది దాటి తీసుకుపోయే దీవిలో పాత ఓడల కార్ఖానాల స్థలం ఉంది. పిల్లలుంటే ఇక్కడే రోజంతా గడిచిపోతుంది. పన్నెండు మీటర్ల ఎత్తు యంత్రపు ఏనుగు యాభైమంది దాకా మోస్తూ నెమ్మదిగా నడుస్తుంది, తొండంతో జనం మీద నీళ్లు చల్లుతుంది. నాంత్‌లో పుట్టిన జూల్ వెర్న్ 1880లో వెలువరించిన ఒక నవలలో ఉత్తర భారతదేశమంతా తిరిగే ఆవిరి ఏనుగు ఉంది. వెర్న్ ఇండియాకు వచ్చినవాడు కాదు. నాకు ఏనుగు కంటే, దాని అవతల నీటి అంచున కళాకారుడు బ్యురెన్, వాస్తుశిల్పి బుషాన్ నిలిపిన పద్దెనిమిది ఇనుప వలయాలే నచ్చాయి. ఒకదాని లోంచి ఒకటి చూస్తే నది, గట్టు, అవతలి మేడలు వరుసగా చట్రంలో పడతాయి. రాత్రిపూట వెలుగుతాయి కూడా. పక్కనే అరటిపండ్ల గోదాము, కాలనీల నుంచి వచ్చిన గెలల్ని మాగబెట్టిన చోటు, ఇప్పుడు బార్లూ రెస్టారెంట్లూ.

మీ దగ్గర సగం రోజే ఉంటే ఏనుగును వదిలేయండి. పొద్దున్నే మ్యూజియం, అక్కడ రెండు గంటలు. తర్వాత గీత వదిలి ఫెడో వీధుల్లో తలెత్తి నడక. ఆపైన గట్టు మీద పలకలు, కింద స్మారకం. స్మారకానికి ప్రవేశం ఉచితం. శనాదివారాల్లో ఊళ్లో ట్రాములు, బస్సులు, నది పడవలు కూడా ఉచితమే, 2021 నుంచి. ఆ పడవ గట్టు పడమటి కొసన ఎక్కితే పది నిమిషాల్లో అవతలి ఒడ్డున త్రాంత్‌ముల్ అనే పాత జాలరిపేటలో దింపుతుంది. అక్కడ ఇళ్లకు రకరకాల రంగులు, సందులు ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు.