పిట్ట పేరు తెలిసిన చాలునా?

1941లో వెలువడిన సలీం అలీ ఆంగ్ల గ్రంథము ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ హైదరాబాదు శివార్లలో పక్షులను పరిశీలించు విద్యార్థికి నేటికిని మంచి తోడు. కొత్త పిట్ట పరిమాణమును పిచ్చుక, పికిలిపిట్ట, గోరువంక, కాకి వంటి ఎరిగిన పక్షులతో పోల్చి చెప్పుట ఇందలి సుగుణము. అయితే ఒక పేటలో ఆ పిట్ట పెరుగుచున్నదో, తరుగుచున్నదో ఇట్టి గ్రంథము చెప్పజాలదు. 2020 నాటి ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారము పిచ్చుకలు దేశము మొత్తముమీద ఇంచుమించు నిలకడగా నున్నను, హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో తగ్గుచు వచ్చినవి. గ్రంథము కొలతగా గ్రహించిన పిట్టయే నగరములలో తరిగినదన్న మాట! కావున ఉపాధ్యాయులు పేర్లు నేర్పుటతో ఆగక, ప్రతివారము ఒకే చోట, ఒకే వేళ పిట్టలను లెక్కింపజేయవలెను.